పీట్ రోజ్‌కి ఫలకం ఇవ్వాలా, వద్దా? ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం, మళ్లీ మన ఆటల కార్యక్రమానికి స్వాగతం. ఫస్ట్ కాల్ అమెరికా నుంచి. హలో, చెప్పండి సార్.

శ్రోత: నమస్తే అమ్మా. సిన్సినాటి పక్కనుంటామండి, సొంతూరు భీమవరం. మావాడికి స్కూల్లో డిబేట్ పెట్టారు. పీట్ రోజ్‌ని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అదే గొప్పవాళ్ల పేరు మీద కంచు ఫలకం పెట్టే చోటికి, తీసుకోవాలని మాట్లాడాలట. ఈ ఊళ్లో రోజ్ అంటే దేవుడు కదండీ. పందేలు కాసినోణ్ణి వెనకేసుకొస్తావేంట్రా అన్నానని అలిగి కూర్చున్నాడు. ఏం చెప్పమంటారు?

విశ్లేషకుడు: ముందు మీవాడి బలం చెప్తాను సార్. 4,256 హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరుకోవడం. మేజర్ లీగ్‌లో అన్ని హిట్లు ఇంకెవరికీ లేవు. ఆటగాడిగా చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. పందేల గొడవలో 1989 ఆగస్టులో నిషేధం పడేనాటికి ఆయన సిన్సినాటి రెడ్స్ మేనేజర్, అంటే టీమ్‌ని నడిపేవాడు.

శ్రోత: తన టీమ్ గెలుస్తుందనే కాశాడంట కదండీ, ఓడాలని కాదుగా? మావాడు పట్టుకున్న పాయింట్ అదే.

విశ్లేషకుడు: అది మాత్రం వదిలేయమనండి. (నవ్వు) భీమవరం వాళ్లకి నేను చెప్పాలా? సంక్రాంతికి బరి దగ్గర ఒకాయన ప్రతిసారీ తన కోడి మీద గట్టిగా కాసి, ఒక పందేనికి మాత్రం జేబులోంచి చెయ్యి తీయలేదనుకోండి. జనం ఏమనుకుంటారు?

శ్రోత: కోడికేదో తేడా చేసిందనుకుంటారండి. పైపందేలన్నీ అవతలి దాని మీదకి పోతాయి.

విశ్లేషకుడు: అదే సార్. మేనేజర్ కాయలేదంటే బుకీకి కబురు అందినట్టే. ఇక కాసిన రోజు సంగతి చూడండి. పిచ్చర్ని ఎప్పుడు దించాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్నది మేనేజర్ చేతిలో ఉంటుంది. నిన్నా మొన్నా బంతులేసి భుజం లాగేస్తున్న కుర్రాణ్ణి, ఇవాళ డబ్బు పెట్టాం కదా అని మళ్లీ దించొచ్చు. రేపటి మ్యాచ్ ఏమైపోయినా తనకి పట్టదు. రోజ్ అలా చేశాడని నేననడం లేదు. చేసినా స్టాండ్స్‌లో కూర్చున్న మనకి తెలీదు, అదీ గొడవ. అందుకే అక్కడ ప్రతి క్లబ్‌హౌస్‌లో రూల్ 21 అంటించి ఉంటుంది. తనకి సంబంధమున్న మ్యాచ్ మీద కాస్తే శాశ్వతంగా బయటికే. గెలుపు మీద కాశావా, ఓటమి మీదా అని అడగరు.

యాంకర్: అంత కఠినంగా ఎందుకు పెట్టుకున్నారు?

విశ్లేషకుడు: 1919 వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, దాని దెబ్బ అమ్మా. చికాగో వైట్ సాక్స్ టీమ్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని ఓడిపోయారన్న కేసు. 1921లో కోర్టు నిర్దోషులని వదిలేసినా, లీగ్ పెద్ద, కమిషనర్ లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం ఆడనివ్వలేదు.

శ్రోత: మరి మావాడు ఏం మాట్లాడాలండీ?

విశ్లేషకుడు: శిక్ష పూర్తయిందని మాట్లాడమనండి. రోజ్ 2024 సెప్టెంబరులో పోయాడు. చనిపోయాక శాశ్వత నిషేధం ఉండదని 2025 మేలో కమిషనర్ మాన్‌ఫ్రెడ్ తేల్చేశాడు. నిషేధంలో ఉన్నవాళ్ల పేరు ఓటింగుకే పెట్టకూడదని 1991లో హాల్ వాళ్లు నియమం పెట్టుకున్నారు కదా, రోజ్‌కి ఆ అడ్డు పోయింది. 2027 డిసెంబరులో పదహారు మంది కమిటీ ముందుకి ఆయన పేరు రావచ్చు, 12 ఓట్లు పడాలి. ఓటింగుకి పెట్టండి అని అడగడం న్యాయమే. పుణ్యాత్ముడని మాత్రం అననివ్వకండి. 2004 దాకా బేస్‌బాల్ మీద కాయలేదని బుకాయించిన మనిషాయన. నాకే ఓటుంటే వేస్తాను, కానీ ఫలకం మీద నిషేధం సంగతి కూడా చెక్కాలి.

యాంకర్: థాంక్యూ సార్, అబ్బాయికి ఆల్ ది బెస్ట్. నెక్స్ట్, హైదరాబాద్ నుంచి పెద్దాయన. చెప్పండి బాబాయ్ గారూ.

శ్రోత: అమ్మా, నేను అజహరుద్దీన్ అభిమానిని. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేస్తే 99 టెస్టుల దగ్గరే ఆగిపోయాడు. అది చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది, అప్పటికి ఆడే వయసెక్కడిది? సరే, మా బాధ మాది. స్టెరాయిడ్ల వాళ్లని ఏం చేశారు బాబూ?

విశ్లేషకుడు: అక్కడే నాకు ఒళ్లు మండేది బాబాయ్ గారూ. స్టెరాయిడ్ల ఆరోపణలున్న బ్యారీ బాండ్స్‌వి 762 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి, అదీ రికార్డే. బేస్‌బాల్ రచయితల ఓటింగులో 75 శాతం ఓట్లు కావాలి. పదో ఏడు, అంటే ఆ ఓటింగులో ఆఖరి ఛాన్సు, 2022లో 66 దగ్గర ఆగాడు. అదే ఏడు డేవిడ్ ఆర్టిజ్ మొదటిసారికే లోపలికెళ్లాడు. 2003 డోపింగ్ పరీక్షల్లో దొరికినవాళ్లలో ఆయన పేరూ ఉందని పత్రికలు రాశాయి, తెలిసి ఏ స్టెరాయిడూ వాడలేదన్నాడాయన. పైగా, ఈ మందుల రోజుల్లో ఆటని నడిపిన కమిషనర్ బడ్ సెలిగ్‌కి 2017లో ఫలకం పెట్టారు. ఆడించిన పెద్దమనిషి లోపల, ఆడినవాళ్లు బయట. బాండ్స్‌ని కాదంటే సెలిగ్‌ని ఎలా ఔనన్నారో ఎవరూ నాకు సరిగా చెప్పలేదు.

యాంకర్: అయితే పిల్లల్ని హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్ తీసుకెళ్తే వీళ్లెవరూ కనబడరా?

విశ్లేషకుడు: ఎందుకు కనబడరమ్మా? మ్యూజియం వేరు, కంచు ఫలకాల హాలు వేరు. పాత రికార్డు దాటించిన బాండ్స్ 756వ హోమ్ రన్ బంతి మ్యూజియానికే చేరింది. మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ దాన్ని వేలంలో 7 లక్షల డాలర్లకి పైగా పోసి కొన్నాడు. ఏం చెయ్యమంటారని నెట్‌లో జనాన్నే ఓటడిగి, రికార్డు మీద అనుమానం ఉందన్నట్టుగా బంతి మీద చుక్క గుర్తు, అదే నక్షత్రం గుర్తు (*), వేయించి మరీ ఇచ్చాడు.

శ్రోత: ఆ చుక్కేదో ఫలకం మీదా పెట్టి లోపలికి రానిస్తే పోయె కదా బాబూ?

విశ్లేషకుడు: ఓటు వేసేవాళ్లలో మూడో వంతు మంది ఒప్పుకోరు బాబాయ్ గారూ. గేటు దగ్గరే ఆపాలంటారు వాళ్లు.

యాంకర్: లైన్లో డాలస్ నుంచి ఒక అమ్మాయి ఉన్నారు, చిన్న బ్రేక్ తర్వాత మాట్లాడదాం.