ముందు చూపించండి, తర్వాత రాయండి
(పలాసలో జీడి కార్మికుల సమావేశంలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకూ అక్కలకూ నమస్కారం. పొద్దుటి నుంచి పిక్కలు కొట్టి నేరుగా ఇక్కడికి వచ్చారు. అందుకని ఒక్క సంగతే చెబుతాను. ఒంటి మీద కొత్తగా ఏదైనా కనిపిస్తే ముందు చూపించండి, తర్వాత రాయండి. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఇంట్లో ఉన్నది రాస్తాం, పక్కింటావిడ ఇచ్చింది రాస్తాం, మందుల షాపు అబ్బాయి ఇచ్చింది రాస్తాం. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి జబ్బు మొహమే మారిపోయి ఉంటుంది.

తామర సంగతే తీసుకోండి. అది ఫంగస్, అంటే ఒక రకం బూజు, వల్ల వస్తుంది. లంగా బొందు బిగిసే చోట, గజ్జల్లో, చెమట ఆరని చోటల్లా పడుతుంది. షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఇస్తారు. అందులో తరచుగా క్లోబెటసాల్ అనే బలమైన స్టిరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయం, షాపు అబ్బాయి దేవుడైపోతాడు! కానీ స్టిరాయిడ్ ఫంగస్‌ను చంపదు. ఫంగస్ మీద తిరగబడే మన ఒంటి శక్తిని జోకొడుతుంది, అంతే. ఎరుపు తగ్గి, అంచు చెరిగిపోయి, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రూపాయి బిళ్ళంత మచ్చ నడుమంతా అవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, కానుపు చారల్లాంటివి పడతాయి. అవి పూర్తిగా పోవు. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అది ఎలా అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నిజానికి తామరను తేల్చడం చిన్న పని. మచ్చ అంచును కాస్త గీకి, రాలిన పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ నూలుపోగుల్లా కనిపిస్తుంది. క్రీము పూసుకొని వస్తే ఆ పోగులు దొరకకపోవచ్చు.

అక్కి కూడా ఇంతే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరంలో దాక్కొని, ఎన్నో ఏళ్ళకు లేచి, ఒంటికి ఒక పక్కనే పొక్కుల వరుసగా బయటపడుతుంది. కుమ్మరి ఇంటికి వెళ్ళి ఎర్రమన్నుతో సింహాన్ని రాయించుకుంటాం. వెక్కిరించను, మా అమ్మమ్మా రాయించుకుంది. పొక్కులు రెండు మూడు వారాల్లో ఎలాగూ మాడిపోతాయి, పేరు సింహానికి వస్తుంది. నా పేచీ సింహంతో కాదు, పోయే రోజులతో. వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. నుదుటి మీదో ముక్కు కొన మీదో పొక్కులు వస్తే కంటికి ప్రమాదం, ఆ రోజే పరుగెత్తాలి.

దురదా నొప్పీ మిమ్మల్ని ఎలాగోలా డాక్టరు దగ్గరికి లాక్కొస్తాయి. నాకు భయం వేసేది అసలు బాధపెట్టని మచ్చతోనే. ఒకావిడ చేతి మీద కాలిన పుండుతో వచ్చింది. పక్కనే రాగి రంగు మచ్చ. "ఇది ఎన్నాళ్ళ నుంచి?" అంటే, "అది నొప్పీ లేదు, దురదా లేదు డాక్టరమ్మా, ఏటి సూపించాల?" అంది. కళ్ళు మూసుకోమని దూదిపోచతో తాకాను. మచ్చ మీద తాకినప్పుడు ఆమెకు తెలియలేదు. పొయ్యి మీది గిన్నె చేతిని కాల్చినప్పుడూ తెలియలేదు.

అవును, కుష్ఠు. మీ చేతులు జీడిసొనకు మాడి, నల్లబడి, మొద్దుబారి ఉంటాయి కనుక స్పర్శ పోయిన సంగతి మీకు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఈ మాట పలాసలో చెప్పాలనుకున్నాను. దేశంలో ఈ జబ్బు పదివేల మందిలో ఒకరి కంటే తగ్గిందని 2005లో ప్రకటించారు. తగ్గింది, పోలేదు. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితం. మచ్చలు అయిదు వరకు ఉంటే మామూలుగా 6 నెలలు, ఎక్కువైతే 12 నెలలు. ఆ మందుల్లో రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, క్లోఫాజిమిన్‌కు ఒళ్ళు నల్లబడుతుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే చాలామంది భయపడి మధ్యలో మానేస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. గిన్నె, గ్లాసు వేరు చేయక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ జబ్బు ఉందన్న కారణంతో విడాకులు అడిగే దారిని 2019లో చట్టం నుంచి తీసేశారు. అత్తారింట్లో ఎవరైనా బెదిరిస్తే ఇది చెప్పండి.

నెలన్నర దాటినా మానని పుండు, రంగు మారి పెరుగుతున్న పుట్టుమచ్చ, ముఖ్యంగా అరికాలిలో నల్ల మచ్చ ఉంటే ఊళ్ళో తేలదు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్‌కు వెళ్ళండి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

టీ తాగాక పక్క గదిలో కూర్చుంటాను, ఒక్కొక్కరే రండి, తలుపు వేసే ఉంటుంది. చేతులకు ఆముదం పట్టించుకొని వచ్చినవాళ్ళు ముందు కుళాయి దగ్గరికి వెళ్ళండి. సబ్బు పెట్టించాను.