మతం మనుషుల మధ్య ఏం చేస్తుంది?

దేవుడున్నాడా, లేడా అన్న చర్చ ఈ వీడియోలో లేదు. సమాజాన్ని పరిశీలించే సోషియాలజీ దాని జోలికే వెళ్ళదు. జనం కలిసి నమ్మినప్పుడు, కలిసి మొక్కినప్పుడు వాళ్ళ మధ్య ఏం జరుగుతుందన్నదే దానికి కావాలి.

ఒక చావు ఇంటిని చూడండి. ఇంట్లోవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. శవానికి స్నానం ఎవరు చేయించాలి, ఎవరు మోయాలి, ఏ మాటలు చదవాలి, ఎన్నాళ్ళు సంతాపం పాటించాలి, మళ్ళీ పనిలోకి ఎప్పుడు వెళ్ళాలి... ఆ టెన్షన్‌లో ఇవన్నీ కూర్చుని తేల్చుకోగలరా? అక్కర్లేదు. మతం ముందే చెప్పిపెట్టింది. పోయినాయనతో ఏళ్ళ తరబడి మాటల్లేని మనిషి కూడా వచ్చి భుజం పడతాడు.

ఫ్రెంచ్ సామాజికవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో ఈ సంగతే రాశాడు. సంతాపమంటే ఒక్కడి గుండెలోంచి దానంతటదే పొంగుకొచ్చేది కాదట, సమూహం అతని మీద పెట్టే బాధ్యతట. వినడానికి కటువుగానే ఉంటుంది. కానీ ఒకరిని పోగొట్టుకున్న జనం మళ్ళీ దగ్గరగా చేరి ధైర్యం తెచ్చుకునేది అలాగే. మతం గురించి ఇంత లోతైన మాట నాకైతే ఇంకోటి తగల్లేదు.

మతం మత్తుమందు అని మార్క్స్ అన్నాడు కదా అంటారు. అన్నాడు, 1844లో. దానికి ముందు వాక్యంలోనే అది అణగారిన ప్రాణి నిట్టూర్పు అని కూడా అన్నాడు. ఆ సగాన్ని వదిలేయడం అన్యాయం.

మరి ఈ కలిపే శక్తి ఎప్పుడూ మంచికేనా? అమెరికాలో బానిసల యజమానులు బైబిల్ చూపించే బానిసత్వాన్ని సమర్థించుకున్నారు. అదే బైబిల్‌లో, ఈజిప్టు చెర నుంచి బయటపడ్డ జనం కథలో, బానిసలు తమ విడుదలను చూసుకున్నారు. 1955లో అదే అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో బస్సుల్లో వివక్ష మీద నల్లజాతివాళ్ళు తిరగబడ్డప్పుడు వాళ్ళకి ఆసరా అయింది చర్చే. కూడడానికి హాలు, చందాలు, మాట నేర్చిన నాయకులు, వారం వారం కలిసే అలవాటు అక్కడ అప్పటికే ఉన్నాయి. 381 రోజులు బస్సు ఎక్కకుండా నిలబడ్డారు. నమ్మకం ఒక్కటే అన్ని రోజులు నడిపించలేదు, సంస్థ కావాలి.

అయితే ఆ సంస్థలోనూ పైమెట్టు, కిందిమెట్టు ఉన్నాయి. బస్సులు ఎక్కొద్దంటూ రాత్రికి రాత్రే వేల కరపత్రాలు తీసింది జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు, ఆమె మహిళా సంఘం. డిసెంబరు 5న చర్చిలో జరిగిన మొదటి పెద్ద సభలో ప్రధాన ప్రసంగం మాత్రం ఒక పాస్టర్‌ది. బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలనందుకు అరెస్టయిన రోజా పార్క్స్‌ని జనానికి పరిచయం చేశారు, మాట్లాడించలేదు.