శాలువాకు బదులు కుర్చీలు ఇప్పించండి

(2025 జులై 10, గురుపూర్ణిమ సాయంత్రం గాజువాక ప్రాంతంలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, ఉదయం యోగా బ్యాచ్ ఏర్పాటు చేసిన సభలో ఆ బ్యాచ్ యోగా టీచరు చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న కాలనీ సంఘం అధ్యక్షులుగారికి, సెక్రటరీగారికి, కమిటీ పెద్దలకు నమస్కారం. రోజూ తెల్లవారకముందే పార్కు ఊడ్చి, మనం చాపలు పరిచే వేళకి ఒక్క ఆకు కూడా లేకుండా చేసే మా అప్పకు నమస్కారం. అప్పా, వెనకాల నిలబడ్డావెందుకు, ముందుకొచ్చి కూర్చో. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి నిద్ర మానుకుని వచ్చిన స్టీలుప్లాంటు తమ్ముళ్లకు, వంటిళ్లు వదిలి వచ్చిన వదినలకు, అత్తయ్యలకు, ముందు వరసలో బుద్ధిగా పద్మాసనం వేసుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

గురుపూర్ణిమ అంటే వ్యాసుల వారి పుట్టినరోజు. ఆయనకు దండం పెట్టుకోవాల్సిన రోజున నాకు శాలువా కప్పుతామన్నారు. మీ ప్రేమ నాకు తెలుసు. యోగా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆసనాల గురించి రోజూ చెబుతూనే ఉన్నాను కాబట్టి ఇవాళ అది పక్కన పెడతాను. ఉగాది దాటాక మొదలుపెట్టి ఈ ఎండాకాలమంతా మనం కలిసి చేసినదాని గురించి చెబుతాను. అందులో ఒక మాట చెప్పకుండా ఈ మైకు వదలను. అది ఒక పెద్దమ్మ గురించి.

ముందు సంతోషం చెప్పుకుందాం. మన విశాఖకి ఈ ఏడాది వచ్చిన పేరు చిన్నది కాదు. మే 21న రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన యోగా కార్యక్రమం, యోగాంధ్ర, మొదలైంది. జూన్ 21 వరకు నెల రోజులు రాష్ట్రంలో ఊరూరా యోగా మాటే. చివరి రోజు ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా సముద్రం ఒడ్డున, ప్రధానమంత్రి కూడా వచ్చిన కార్యక్రమంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి తాడాసనంలో చేతులెత్తారు. 2023లో సూరత్ పేరిట ఉన్న గిన్నిస్ రికార్డు మన ఊరికి వచ్చింది. అంతకు ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు సూర్యనమస్కారాలు చేశారు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చిన ఆ పిల్లల క్రమశిక్షణ తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. మన బ్యాచ్ వాళ్లు అర్ధరాత్రి లేచి, బస్సులెక్కి, చీకట్లోనే బీచ్ ఒడ్డున విడదీసిన కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నారు. మీరందరూ వెళ్లారు, నేనూ వచ్చాను. ఆ గర్వంలో నాకు వాటా ఉంది.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్య సమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించినప్పుడు 177 దేశాలు ఆ తీర్మానానికి తోడు నిలిచాయి. మొన్నటిది పదకొండోది. ఈ ఏడాది నినాదం మీ టీషర్టుల మీద కూడా ఉంది: ఒకే భూమి, ఒకే ఆరోగ్యం కోసం యోగా. ఆ టీషర్టులు ఇప్పుడు ఎక్కడున్నాయి? జూన్ నెలలో మన పార్కులో చాప వేయడానికి చోటు చాలేది కాదు, వాకింగ్ ట్రాక్ మీద కూడా నిలబడ్డారు. జూన్ 22 ఆదివారం వచ్చింది, సోమవారం వచ్చింది. ఒక్కొక్క వరసా ఖాళీ అయింది. అలసిపోయారు, పిల్లలకు బడులు తెరిచారు, వానలు పడుతున్నాయి. ఇవన్నీ కారణాలే, మందలించడానికి చెప్పడం లేదు. అయితే మానేసిన అందరి కారణాలూ ఒకటి కావు. ఒకామె కారణం వేరు.

ఆమె మీలో చాలామందికి గుర్తుంటుంది. మనవరాలిని ఉయ్యాల ఎక్కించడానికి పార్కుకి వచ్చేది. మనం చేస్తుంటే సిమెంటు బెంచీ మీద కూర్చుని చూసేది. ఒకరోజు వెళ్లి పిలిచాను. "నాను మోకాళ్లు ముడవలేనమ్మా, ఊరికే ఇలాగ కూకుని సూత్తాను" అంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయని డాక్టరు చెప్పారట. కింద కూర్చుంటే లేవలేదు. సరే, కూర్చునే చెయ్యమన్నాను. వాచ్‌మన్ దగ్గరున్న కుర్చీ అడిగి తెచ్చి గోడకి ఆనించి వేశాం.

ఆ కుర్చీలో ఆమె ఏం చేసిందో చెబుతాను, వినండి, మీ ఇళ్లలో పెద్దవాళ్లకి పనికొస్తుంది. వీపు వెనక్కి ఆనించకుండా కుర్చీ ముందు భాగంలో కూర్చోవాలి. రెండు పాదాలూ నేలకి పూర్తిగా తగలాలి. ఊపిరి తీసుకుంటూ ఒక కాలు మెల్లగా ముందుకి చాచి, తొడ కండరం బిగించి, కాసేపు ఉంచి, ఊపిరి వదులుతూ దించాలి. మోకాలిని మోసేది ఆ తొడ కండరమే, అది గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. తర్వాత కుర్చీ వీపు పట్టుకుని నడుము తిప్పే వక్రాసనం. తర్వాత కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని తాడాసనం. చివర్లో తుమ్మెద ఝుంకారంలా ఊపిరి వదిలే భ్రామరి. ఆమె భ్రామరి చేస్తే పక్కనున్న పిల్లలు కళ్లు తెరిచి చూసేవాళ్లు, అంత నిండుగా ఉండేది ఆ నాదం.

కొన్ని వారాలయ్యాక ఒక ఉదయం క్లాసు అయిపోయినా వెళ్లకుండా నా కోసం ఆగింది. చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు రేత్రేల బాత్రూముకి ఎల్లాలంటే మా పిల్లని లేపక్కర్లేదమ్మా. నానే లెగుత్తన్నాను" అంది. ఈ సీజనంతటిలో నాకు దక్కిన బహుమానం అది. మూడు లక్షల మంది మధ్య నిలబడిన రోజు కంటే అది పెద్ద రోజు నాకు. ఒక మనిషి అర్ధరాత్రి ఇంకొకరిని లేపకుండా తనంతట తాను లేవగలగడం ఎంత పెద్ద విషయమో, మంచంలో ఉన్న అత్తగారికో అమ్మకో సేవ చేసినవాళ్లకి తెలుసు. ఈ హాల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

జూన్‌లో రిహార్సళ్లు మొదలయ్యాయి. ఎవరు ఏర్పాటు చేశారన్నది ఇప్పుడు అనవసరం, మన కాలనీ వాళ్లు కాదు. డ్రోన్ ఎగరేసి వీడియో తీస్తున్నారు. అక్కడ కార్యకర్త ఒకాయన వచ్చి, కుర్చీల్లో ఉన్నవాళ్లు పక్కకి వెళ్లండి, పైనుంచి చూస్తే లైన్లు తేడాగా కనబడుతున్నాయి అన్నాడు. కుర్చీలు కదలవని నేను మైకులోనే చెప్పాను. మన బ్యాచ్‌లో తమ్ముళ్లు కూడా అడ్డం నిలబడ్డారు. ఆయన వెనక్కి తగ్గాడు. కానీ ఆ లోపే పెద్దమ్మ లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చింది, మంచిగా మాట్లాడింది. ఎందుకు రావడం లేదంటే, "నానొత్తే మీ ఫొటో పాడైపోద్దట కదమ్మా" అంది. కోపం లేదు ఆ మాటలో. అందుకే నాకు ఇంకా బాధేసింది.

అయ్యా, అమ్మా, యోగా ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో స్వాత్మారాముడు స్పష్టంగా రాశాడు: "యువా వృద్ధోఽతివృద్ధో వా వ్యాధితో దుర్బలోఽపి వా, అభ్యాసాత్ సిద్ధిమాప్నోతి." పడుచువాడు, ముసలివాడు, మరీ ముసలివాడు, జబ్బుపడ్డవాడు, బలహీనుడు, ఎవరైనా సరే సాధన చేస్తే సిద్ధి పొందుతారని. హఠయోగం అంటే ఒళ్లు విల్లులా వంచేవాళ్లకే అనుకునేవాళ్లు ఈ మాట చూడాలి. పేరున్న యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారు 1918లో పుట్టారు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ ఆయన మీద పడ్డాయి. ఆ ఒళ్లుతో యోగా నేర్చుకున్నారు కాబట్టే వంగలేని ఒంటి బాధ ఆయనకి తెలిసింది. కుర్చీ, తాడు, బెల్టు, చెక్క దిమ్మ, గోడ, అన్నింటినీ సాధనకి వాడారు. బెల్జియం రాజమాత ఎలిజబెత్‌కి ఎనభై దాటిన వయసులో ఆయనే నేర్పారు. రాజమాతకి పనికొచ్చిన యోగా గాజువాక పెద్దమ్మకి పనికిరాదా? ఆయుష్ శాఖ కూడా ఆఫీసుల వాళ్ల కోసం కుర్చీలో కూర్చుని చేసుకునే వై-బ్రేక్ అనే చిన్న యోగా విరామం తయారు చేసింది. కుర్చీ తప్పు కాదు, తక్కువ కాదు. ఇది నాకు ఎవరైనా కాదని చెప్పగలరా?

కోపం వచ్చింది, క్షమించండి. ఒక్క గుక్క నీళ్లు తాగుతాను.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం. ఫోన్లో వీడియో చూసి, ఊపిరిని బలంగా బయటికి కొట్టే కపాలభాతి దంచి కొడుతున్నారు. బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు కపాలభాతి చేయకూడదు. నేను క్లాసులో చెప్పినా, ఇంటికెళ్లి చేస్తున్నారని నాకు తెలుసు. మూడో వరసలో మావయ్యగారూ, మీకే చెబుతున్నాను. అలాగే యోగా చేస్తున్నాం కదా అని షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మాత్ర తగ్గించాలంటే డాక్టరు తగ్గించాలి. ప్రాణాయామం మీ ఊపిరికి తోడు, డాక్టరుకి పోటీ కాదు. ఇంటికెళ్లి ఇవాళ రాత్రి మాత్ర వేసుకున్నారా లేదా అని నేను ఫోన్ చేసి అడుగుతాను.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఈ సీజన్లో మన మధ్య జరిగినదంతా ఆసనాల లెక్కలోకి రాదు. ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఒక వదినకి జ్వరమని తెలిసి పక్క వీధి నుంచి చారు, అన్నం వెళ్లాయి. అప్పటివరకు ఆ రెండిళ్ల వాళ్లకీ ముఖపరిచయం కూడా లేదు. కుళాయి వచ్చే వేళకి ఆడవాళ్లు వెళ్లిపోవాల్సి వస్తోందని, క్లాసు టైమే మార్చుకున్నాం. అప్పుడు మగవాళ్లు ఒక్కరూ గొణగలేదు. సీ షిఫ్టు తమ్ముళ్లు 6 గంటలకి డ్యూటీ దిగి, వచ్చేసరికి మనం ప్రాణాయామంలో ఉంటాం. వచ్చి చప్పుడు చేయకుండా వెనక పడుకుంటారు, శవాసనంలోనే నిద్రపోతారు. వాళ్లని లేపొద్దని నేనెవరికీ చెప్పలేదు. మీ అంతట మీరే చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనుంచి వెళ్తున్నారు. రాత్రంతా కొలిమి వేడి దగ్గర నిలబడి వచ్చిన మనిషికి ఆ అరగంట నిద్ర ఏ ఆసనానికీ తీసిపోదు. క్లాసు మొదట్లో "సంగచ్ఛధ్వం సంవదధ్వం" అని చదువుతున్నాం కదా, కలిసి నడవండి, కలిసి మాట్లాడండి అని ఋగ్వేదం చెప్పింది. మీరు అది చేసి చూపించారు.

ఇప్పుడు అసలు పనిలోకి వస్తాను. వానాకాలం వచ్చేసింది. పార్కు గడ్డి బురదయింది. తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేయించడం నాకు భయం, పెద్దవాళ్లు జారితే తుంటి ఎముక విరుగుతుంది. జూన్ 21 తర్వాత క్లాసు జరిగిన రోజుల కంటే వానకి ఆగిన రోజులే ఎక్కువగా అనిపిస్తోంది. ఇక్కడేమో ఈ హాలు ఉంది. ఇవాళ సభ కోసం తెరిచారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నేల పొడిగా ఉంది, గోడలున్నాయి. ఉదయం మాత్రం తాళం వేసి ఉంటుంది. అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతున్నారు. పెళ్లిళ్లకి, పుట్టినరోజులకి అద్దెకిస్తారు, అది సంఘానికి ఆదాయం, కాదనను. ఏ పెళ్లివారూ ఉదయం 5:45కి హాల్లో ఉండరు. ఎప్పుడైనా ఉన్నారంటే ఆ రోజు మేం రాం.

మీరు శాలువాకి, దండలకి చందాలు వేసుకున్నారని విన్నాను. ఆ డబ్బుతో చేతుల్లేని, గట్టిగా నిలబడే కుర్చీలు కొనండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, దాని కాళ్లు వంగుతాయి, నున్నటి నేల మీద జారుతుంది. మడత కుర్చీ కూడా వద్దు, బరువు ముందుకి వేస్తే తిరగబడుతుంది. ఇనుప కుర్చీలకి కింద రబ్బరు బుడిపెలు వేయిస్తే చాలు. వాటిని ముందు వరసలో వేద్దాం. కుర్చీ వరస ముందు, చాపల వరసలు వెనక. ఇక మన క్లాసులో ఎవరైనా ఫొటో తీస్తే ముందు కనబడేది వాళ్లే.

పెద్దమ్మకి నేను చెప్పేశాను, శుక్రవారం నుంచి రమ్మని. "హాల్లోనైతే వత్తాను" అంది. రేపే శుక్రవారం. వాళ్ల వీధి చివర ఉండే తమ్ముడు తన ఆటోలో తీసుకొస్తానన్నాడు. వాచ్‌మన్ కుర్చీ మళ్లీ అడిగి పెట్టాను, కొత్తవి వచ్చేదాకా అది చాలు.

ఇక మిగిలింది తాళం. సెక్రటరీగారూ, మీరు ఇక్కడే ఉన్నారు, అధ్యక్షులుగారూ ఉన్నారు. రేపు ఉదయం 5:45కి ఈ తలుపు ఎవరు తీస్తారు? నాకు ఇస్తే నేను తీసి, ఏడింటికి ఊడ్చి, తాళం వేసి మీ ఇంట్లో ఇచ్చి వెళ్తాను. మైకు మీకిస్తున్నాను. అందరూ వింటున్నారు, ఇప్పుడే చెప్పండి.