గంపల వచ్చిన గత్తర

నమస్తే అన్నలు, అక్కలు. ముందుగాల ఈ కోడిని చూడుండ్రి. ఫోను దగ్గరికి పెడుతున్న. మెడ పక్కకు మెలిపడి, ముక్కు మొగులు దిక్కు ఉన్నది, చూసిన్రా? పుట్టుకతోని వచ్చింది కాదిది. పోయిన ఎండాకాలం మా కోళ్లకు అంటురోగం తగిలినప్పటి నుంచి ఇట్లనే ఉన్నది. గింజలు ఏస్తే రెండు మూడు సార్లు మన్నునే పొడుస్తది, నాలుగోసారికి ఒక గింజ దొరుకుతది. అయినా గుడ్డు పెడుతున్నది. మా పిల్లలు దీనికి 'చుక్కలు లెక్కపెట్టేది' అని పేరు పెట్టిన్రు.

మాది సిరొంచ తాలూకా. ఉన్నది మహారాష్ట్రల గని ఇంట్ల మాట్లాడేది తెలుగే. దవఖానకు పోతే మరాఠీ, అంగడికి పోతే రెండూ కలిపి. గోదావరి దాటితే కాళేశ్వరం. మా జిల్లా గడ్చిరోలి అయినా మాకు మంచిర్యాలే దగ్గర. ఇదెందుకు చెప్తున్ననంటే, నదికి అటుపక్క ఇటుపక్క మనుషులు ఎట్ల తిరుగుతరో కోళ్లు గూడ గట్లనే తిరుగుతయి. గంపలల్ల, బండి హ్యాండిల్‌కు తలకిందులుగ ఏలాడుకుంట.

ఈ రోగానికి మా దగ్గర నాలుగు పేర్లు. మా నాయనమ్మ 'కోళ్లకు గత్తర లేసింది' అంటుండె. తెలుగు పుస్తకాలల్ల కొక్కెర తెగులు. మా పశువుల డాక్టర్ మరాఠీల 'మానమోడీ' అంటడు. మాన అంటే మెడ, మెడ విరిచేదన్నట్టు. చీటీ మీద మాత్రం రాణీఖేత్ అని రాస్తడు. రాణీఖేత్ ఎక్కడో కుమావు కొండలల్ల ఉన్న ఊరు. 1926ల ఇంగ్లండుల న్యూకాసిల్ కాడ, జావాల ఈ రోగం కనిపిచ్చిందట. మరుసటేడు రాణీఖేత్‌ల దొరికితే మన దేశంల ఆ పేరే ఖాయమైంది. సల్లటి కొండల మీద అంత సక్కని ఊరు, పాపం, దాని పేరు వింటే మేము కోళ్లను లెక్కపెట్టుకుంటం.

సరే, నా ముచ్చట చెప్త. అప్పుడు నాకు పెద్దయి, పిల్లలు కలిపి 23 కోళ్లుండె. ఇప్పపూలు రాలే దినాలు. అంగడిల ఒక ఎర్ర పుంజు కనవడ్డది. 600 చెప్పి, నేను ఒక్క మాట అనంగనే 450కి ఇచ్చిండు. గంత అల్కగ దిగినప్పుడే నాకు సోయి రావాలె. రాలె. గంపల ఏసుకొని వచ్చి, ఆ రాత్రే మా కోళ్లతోని ఒక్క గూట్లనే మూసిన. తెల్లారి పుంజు ఈకలు పొంగించుకొని మూలకు నిలవడ్డది. కాళ్లు కట్టి ఎండల తెచ్చిన గద, అలిసిందనుకున్న. మూడో రోజు సున్నంల ఆకుపసరు కలిపినట్టు పారుడు. నాలుగో రోజు సచ్చింది. ఒక్క పుంజే గద, పోతే పోనీ అనుకున్న.

ఆరో రోజు మా పెట్టలు రెండు మెడ సాపి, నోరు తెరిచి గుర్రు గుర్రుమంటున్నయి. ఒకటి పెంకు లేని గుడ్డు పెట్టింది, చేతుల పట్టుకుంటే తోలుతిత్తి లెక్క. అప్పటికెల్లి రోజుకు రెండు, మూడు. ఒకటి రెక్క ఈడుస్తది, ఒకటి కాలు పడిపోయి పక్కకు ఒరుగుతది, ఒకటి గిరగిర తిరుగుతది. ఈ రోగం తెచ్చే వైరస్ కోడి ఒంట్ల జొచ్చినంక బయటపడేదాకా రెండు రోజులు పట్టొచ్చు, పదిహేను రోజులు పట్టొచ్చు. ఎక్కువ శాతం ఐదారు రోజులు. అంటే అంగడిల నిగనిగలాడే కోడి గూడ లోపల రోగం మోస్తుండొచ్చు.

నేనేం చేసిన? అందరు చేసిందే చేసిన. ఎల్లిపాయ, పసుపు నూరి పోసిన. మా బామ్మర్ది ఇప్పసార రెండు చుక్కలు పొయ్యమన్నడు, అది గూడ పోసిన. మందుల దుకాణంల మనుషుల గోలీలు తెచ్చి, విప్పి, అన్నంల కలిపిన. అవి యాంటీబయాటిక్ గోలీలు. ఇది వైరస్. ఆ గోలీకి వైరస్ సావదు. రోగానికి తోడు వేరే క్రిములు ఎక్కితే వాటికి పనిచేస్తదేమో గని, రాణీఖేత్ పట్టిన కోడిని తిప్పి లేపే మందు దునియాల లేదు. 'అన్నా, ఏ మందు ఏసినవ్?' అని అడిగే ప్రతి ఒక్కలకు నా జవాబు ఇదే. మందు లేదు, టీకా ఒక్కటే ఉన్నది, అది గూడ రోగం రాకముందు ఏస్తేనే. గూట్ల కోళ్లు పడుతున్నప్పుడు ఉరికి టీకా ఏయిస్తే, అప్పటికే రోగం జొచ్చినయి ఆగయి. టీకా బలం ఎక్కుటానికే ఒకటి రెండు వారాలు గావాలె.

ఇగ చెప్పబుద్ధి కాని మాట ఒకటున్నది. ఎనిమిదో రోజు మా ఇంటామె 'ఉన్నయన్నా అమ్ముకొని రా, రేపు అవి గూడ పోతయి' అన్నది. మూడు కోళ్లు బాగనే ఉన్నయి, తింటున్నయి. అంగడికి తీస్కపోయిన. బేరం సాగదీయలె, అడిగినంతకు ఇచ్చిన. తిరిగి వచ్చేటప్పుడు నదిమీద బ్రిడ్జి కాడ బండి ఆపిన. నాకు ఆ ఎర్ర పుంజును అమ్మినోడు యాదికొచ్చిండు. వాడు గూడ ఎనిమిదో రోజునే వచ్చిండేమో. నా మూడు కోళ్లు ఎవలింటికి పోయినయో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు.

లెక్క చెప్పాలంటే, పుంజుతోని కలిపి 24. సచ్చినయి 17, అమ్మినయి 3, మిగిలినయి 4. అండ్ల ఒకటి ఈ చుక్కలు లెక్కపెట్టేది.

ఇంకొక అలవాటున్నది మా దిక్కు. కోడి తూలుతుందంటే కోసి కూరొండుడు. పడేయబుద్ధి కాదు, నిజమే. రాణీఖేత్ మాంసం బాగ ఉడకబెట్టి తింటే మనిషికేం కాదు. మనుషులకు ఈ రోగం వస్తే గిస్తే కండ్లు ఎర్రబడుడు, అంతే. అయితే కోసినంక ఈకలు, పేగులు ఏడ పారేస్తున్నం? పెంట మీద. అవి పక్కింటి కోళ్లు పొడుస్తయి. కుక్క గుంజుకపోయి ఇంకొక వాకిట్ల ఏస్తది. ఒక్క కూరకు వాడంత అంటిస్తం. రెండో సంగతి, అసలు అది రాణీఖేతేనా, బర్డ్ ఫ్లూనా అని చూపుతోని చెప్పేటోడు ఎవ్వడు లేడు. రెండిట్లనూ కోళ్లు గుంపుగ సస్తయి. మన మహారాష్ట్రలనే 2006ల నందుర్బార్ జిల్లా నవాపూర్ కాడ బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ల ఫారాలను ఖాళీ చేసిన్రు. బర్డ్ ఫ్లూ మనిషి పానం తీసే రోగం. పరీక్ష చేస్తేనే తెలుస్తది. అందుకని ఒకటి రెండు రోజులల్ల కోళ్లు వరుసగ పడుతుంటే కోయకుండ్రి, ఉత్త చేతులతోని ముట్టకుండ్రి, పశువుల హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ కొట్టుండ్రి, లేకుంటే పశువుల దవఖానకు చెప్పుండ్రి. సచ్చినయి వాగుల పారేసేది మానుండ్రి. కుక్క తవ్వనంత లోతుగ గుంత తీసి, పైన సున్నం సల్లి పూడ్చాలె.

గూడు సంగతి తొందరగ చెప్పి ముందుకు పోత. పెంట మొత్తం గీకి కాలబెట్టిన. సబ్బునీళ్లతోని కడిగి, ఎండల పెట్టి, సున్నం కొట్టి, రెండు నెలలు ఖాళీగ ఉంచిన. ఎండకు ఈ వైరస్ తొందరగ సస్తది. నీడల, తడి పెంటల మాత్రం వారాలకు వారాలు బతుకుతది. మిగిలిన నాలుగు కోళ్లను గూడ ఎవ్వలకు ఇయ్యలె, కొత్తయి తెచ్చి కలపలె. బతికిన కోడి గూడ కొన్ని దినాలు రోగం రాలుస్తనే ఉంటది.

ఇగ టీకా. అసలు మతలబంత ఈడనే ఉన్నది. వారం పిల్లలకు లసోటా అనే చుక్కల టీకా, కంట్ల ఒక్క చుక్క. చుక్క ఏసి కన్ను మూసి తెరిచేదాకా పట్టుకోవాలె, లేకుంటే తల ఇదిలిచ్చి బయట పడేస్తది. నెల దగ్గరికొచ్చినంక మళ్ల ఒకసారి. ఎనిమిది వారాలు దాటినంక ఆర్2బి సూది, రెక్క కింద తోలు లోపల అర మిల్లీలీటరు. ఇది జెర గట్టి టీకా, చిన్న పిల్లలకు ఏయొద్దు, నలతగ ఉన్న కోడికీ ఏయొద్దు. వారం ముందు కడుపుల పురుగుల మందు తాపిస్తే టీకా మంచిగ పడుతది. ఏసినంక ఒకటి రెండు రోజులు డల్లుగ ఉంటయి, గుడ్లు తగ్గొచ్చు, భయపడొద్దు. మా డాక్టర్ ఏడాదికోసారి మళ్ల ఏయించమన్నడు.

మరి ఇంత సులువున్నప్పుడు ఎందుకు ఏయిస్తలేం? సీసా. ఆర్2బి చిన్న సీసా అంటేనే 100 కోళ్లకు. నాకు ఇప్పుడున్నయి పదిహేను. కలిపినంక గంట, రెండు గంటలల్ల అయిపోవాలె, మిగిలింది రేపటికి పనికిరాదు. కలపకముందు గూడ ఫ్రిజ్‌లనే ఉండాలె, తెచ్చేటప్పుడు థర్మాసుల ఐసు. పదిహేను కోళ్లకు 100 కోళ్ల సీసా తెచ్చి, ఎనభై అయిదు డోసులు మన్నుల పోయాలంటే ఎవలకు మనసొప్పుతది? నాకూ ఒప్పలె, పోయినేడు.

అందుకే ఈసారి సంక్రాంతి పోంగనే మా వాడంత తిరిగిన. తొమ్మిది ఇండ్లు. కోళ్లెన్ని అని అడుగుతే ఒక్కలు నిజం చెప్పలె, సర్కారోళ్లు రాసుకపోతున్నరనుకున్నరు. చివరికి 86 తేలినయి, అండ్ల పద్నాలుగు పిల్లలు. ఇంటికింత అని పైసలేసుకొని, డాక్టర్‌ను అడిగి, ఊళ్లల్ల పశువులకు, కోళ్లకు టీకాలేసే పశుసఖి చెల్లెను పిలిచినం. టైము తెల్లారుజాము నాలుగున్నర. ఎందుకంటే చీకట్ల కోళ్లు గూట్లనే ఉంటయి, పట్టుడు అల్క. పైంగ ఎండ తగిలితే టీకా ఖరాబైతది. ఒక్కింటికి ఒక్క సూది, ఇంకొక ఇంటికి పోంగనే సూది మార్చినం. అదొక్కటి మర్చిపోతే టీకా పేరు మీద మనమే రోగం పంచినట్టయితది.

ఒకటే సిక్కు వచ్చింది. మా వాడల ఒక పెద్దమ్మ ఉన్నది, ఆమెకు పదకొండు కోళ్లు. 'సూదేస్తే కోడి సస్తది, పోయినేడు నీ కోళ్లు సచ్చింది గూడ ఆ గోలీలకే' అన్నది. నేను చెప్పిన, చెల్లె చెప్పింది, డాక్టర్ గూడ ఫోన్ల చెప్పిండు. ఇనలె. ఆమె కోళ్లు రోజంత మా వాకిట్లనే ఏరుకుంటయి, ఆమెను ఇడిసిపెట్టి మేమెట్ల బాగుపడుతం?

ఆ రోజు పొద్దుగాల మిగతా ఇండ్లు అయిపోయినయి. సీసాల మందు ఇంకా ఉన్నది, ఆరుంబావు అయ్యింది, తూర్పు ఎర్రవడుతున్నది. చెల్లె సామాన్లు సదురుతున్నది. అప్పుడు పెద్దమ్మ మనుమరాలు గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. గంపల పది కోళ్లు. 'ఒకటేది?' అని అడిగిన. 'అది పొదుగుతున్నది, దాన్ని లేపొద్దన్నది అమ్మమ్మ. సూది మెల్లగ ఏయిమన్నది' అని, గంప కింద పెట్టి, ఒక్కొక్క కోడిని తనే తీసి చెల్లె చేతులకు ఇచ్చింది.