చిష్తీల వంటశాల

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖ పాతనగరంలో, రేవు ముఖాన దర్గాకొండ ఉన్నది. అక్కడి ఇసాక్ మదనీ దర్గా ముందునుంచి వచ్చీపోయే ప్రతి ఓడా జెండాను మూడుమార్లు ఎత్తి దించేదనీ, హిందువులైన ఓడ యజమానులు వెండి పడవలను మొక్కుగా చెల్లించేవారనీ ఆంగ్లేయుల కాలపు జిల్లా గ్రంథాలు చెబుతున్నాయి. సూఫీల పట్ల మన దేశంలో ఇంతటి ఆదరం ఏర్పడడానికి దారి వేసినవారిలో చిష్తీలు ముఖ్యులు.

హెరాత్ సమీపంలోని చిష్త్ అనే ఊరి పేరుతో వెలసిన ఈ పరంపరను మన దేశంలో పాదుకొల్పినవారు, 1236లో అజ్మీరులో కన్నుమూసిన ఖ్వాజా మొయినుద్దీన్. గుల్బర్గా దాకా సాగిన ఆ చరిత్రను పక్కన పెట్టి, అదే పరంపరలో నాకు అత్యంత ప్రియమైన నిజాముద్దీన్ ఔలియా గురించే చెబుతాను.

ఆయన ఢిల్లీ శివారున గియాస్‌పూర్‌లో ఉండేవారు. సుల్తాను జలాలుద్దీన్ ఖల్జీ గ్రామాలు ఇస్తానంటే వద్దన్నారు, దర్శనానికి వస్తానన్నా ఒప్పుకోలేదు. చివరకు సుల్తాను చెప్పకుండా వెళ్ళాలని తలచాడు. ఆ రహస్యం తెలిసిన ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన గురువైన నిజాముద్దీన్‌కు ముందే విన్నవించగా, ఆయన ఊరు విడిచి, తమ గురువు బాబా ఫరీద్ సమాధి ఉన్న అజోధన్‌కు బయలుదేరారు. సుల్తాను నిలదీసినప్పుడు ఖుస్రో, ఏలినవారు ఆగ్రహిస్తే ప్రాణమే పోతుందనీ, గురువు ఆగ్రహిస్తే విశ్వాసమే పోతుందనీ బదులిచ్చాడట. సుల్తాను ఆ జవాబును మెచ్చుకున్నాడట.

మాన్యాలు వద్దన్న ఆ ఇంట పొయ్యి మాత్రం ఆరలేదు. అడగకుండా వచ్చిన కానుకలన్నీ వచ్చినవి వచ్చినట్లే పంచిపెట్టేవారు. వచ్చినవారి మతమేదని అడగలేదు, కులమేదని అడగలేదు. శుక్రవారం గిడ్డంగి ఖాళీ చేయించి, ఊడ్పించి, ఆ తరువాతే నమాజుకు వెళ్ళేవారు. తాము మాత్రం నిత్యం ఉపవాసముండి, తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీకి కూర్చుంటే, మసీదు మూలల్లో, అంగళ్ళ ముందు పస్తు పడుకున్నవారు గుర్తుకువచ్చి ముద్ద గొంతు దిగేది కాదట. ఆయన మహిమల గురించిన కథలెన్ని విన్నా, నాకు ఆ ఊడ్చిన గిడ్డంగే గొప్పదిగా తోస్తుంది. నిలవ ఉంచుకోనివారికి ఏ ప్రభువు దగ్గరా చేయి చాచవలసిన పని లేదు కదా.

కనుక ఈసారి ఏ దర్గాకైనా మొక్కు చెల్లించదలచినవారు, చాదరుతోపాటు అక్కడి అన్నదానానికి కొంత బియ్యమో పప్పో కూడా ఇవ్వండి.