ఎక్సెల్ మాక్రోల్లో ఎఫ్1 నొక్కితే హెల్ప్ రావట్లేదా? ముందు జబ్బేదో తేల్చుకోండి

[తెర: ఎక్సెల్ షీటు. తేదీ, రైతు పేరు, కౌంట్, కిలోలు, రేటు, మొత్తం.]

నమస్కారమండీ. భీమవరంలో రొయ్యల కొనుగోలు ఆఫీసైనా, తణుకులో రైసు మిల్లైనా, పాలకొల్లులో కొబ్బరి కొట్టైనా లెక్కంతా ఎక్సెల్లోనే. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) చూసి రేటు వేసే మాక్రో, అంటే ఎక్సెల్లో పని తనంతట తనే చేసే చిన్న ప్రోగ్రామ్, ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉంటారు. దాన్ని కాస్త మార్చాలి. ఆల్ట్, ఎఫ్11 కొట్టి కోడు ఉండే కిటికీ (వీబీ ఎడిటర్) తెరుస్తారు, తెలియని మాట మీద ఎఫ్1 నొక్కుతారు. ఏమీ రాదు. లేదంటే బ్రౌజర్ తెరుచుకుని నెట్ లేదని చెబుతుంది. వెంటనే ఆఫీస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామంటారు. వద్దు. ఈ సమస్యల్లో చాలావాటికి అది మందు కాదు, సగం రోజు పోతుందంతే.

ముందు చూడాల్సింది ఏ హెల్ప్ పోయిందని. ఎఫ్1 పేజీ వేరు. చుక్క పెట్టగానే కిందికి జారే లిస్టు వేరు. రెఫరెన్సు, అంటే మాక్రో వాడుకునే బయటి లైబ్రరీకి ఉన్న లింకు, తెగి కోడే కంపైల్ కాకపోవడం (నడవడానికి సిద్ధం కాకపోవడం) ఇంకోటి, దాన్నీ జనం హెల్ప్ పోయిందనే అంటారు.

[తెర: వీబీ ఎడిటర్. కర్సర్ "ఆటోఫిల్టర్" అనే మాట మధ్యలో.]

ఎఫ్1 సంగతి. ఆఫీస్ 2013 నుంచి మాక్రోల హెల్ప్ మీ కంప్యూటర్లో ఉండదు. ఎఫ్1 నొక్కితే మైక్రోసాఫ్ట్ సైటులో పేజీ తెరుచుకుంటుంది. కాబట్టి నెట్ లేకపోతే హెల్ప్ లేదు. తుపాను రోజుల్లో కోనసీమ లంకల్లో సిగ్నల్ పోయిందంటే ఎఫ్1 కూడా పోయినట్టే. నెట్ ఉండి కూడా ఏమీ తెరుచుకోకపోతే డిఫాల్ట్ బ్రౌజర్ చూడండి: విండోస్ సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. పాత బ్రౌజర్ తీసేశాక ఆ చోటు ఖాళీగా మిగిలిపోతుంది ఒక్కోసారి. ల్యాప్‌టాప్ అయితే ఇంకో చిన్న సంగతి. చాలావాటిలో ఎఫ్1 మీటకి సౌండ్ ఆపే పని కూడా ఉంటుంది. ఎఫ్‌ఎన్ పట్టుకుని ఎఫ్1 నొక్కి చూడండి. నవ్వకండి, ఇది చాలామందికి తగిలేదే.

మిల్లుల్లో ఇంకా ఆఫీస్ 2010 నడిచే కంప్యూటర్లున్నాయి. అందులో హెల్ప్ లోపలే ఉంటుంది. హెల్ప్ కిటికీలో కింద కుడి మూల కనెక్షన్ స్టేటస్ ఉంటుంది, దాన్ని నొక్కి ఈ కంప్యూటర్‌లోది మాత్రమే చూపించమని ఎంచుకోండి. 2003 అయితే సెటప్‌లో ఆఫీస్ షేర్డ్ ఫీచర్స్ కింద విజువల్ బేసిక్ హెల్ప్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన భాగం.

[తెర: సీహెచ్‌ఎమ్ ఫైలు. ఎడమ విషయసూచిక ఉంది, కుడి పక్క తెల్లగా.]

2013కి మైక్రోసాఫ్ట్ సీహెచ్‌ఎమ్ (విండోస్ హెల్ప్) ఫైళ్లుగా డాక్యుమెంటేషన్ విడుదల చేసింది. ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకోండి, మాక్రో భాషలో ప్రాథమిక విషయాలు అప్పటి నుంచి పెద్దగా మారలేదు. తెరిస్తే ఇలా కుడి పక్క తెల్లగా వస్తే ఫైలు పాడైపోలేదు. నెట్ నుంచి దిగిన ఫైలని విండోస్ అడ్డుపెట్టింది. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్కు, ఓకే. ఆఫీసు సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే అన్‌బ్లాక్ చేసినా తెరుచుకోదు, సీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. ఫోల్డర్ పేరులో హ్యాష్ గుర్తు ఉన్నా ఇదే తంతు.

[తెర: "యాక్టివ్‌షీట్" తర్వాత చుక్క. ఏమీ రాదు. కింద "రేంజ్ ఏ1" తర్వాత చుక్క. లిస్టు జారుతుంది.]

ఇప్పుడు చుక్క లిస్టు. ఒకే మాడ్యూల్లో (కోడు రాసే పేజీలో) ఒక చోట వస్తుంది, ఇంకో చోట రాదు. అసలు ఎక్కడా రాకపోతే టూల్స్, ఆప్షన్స్, ఎడిటర్ ట్యాబ్‌లో ఆటో లిస్ట్ మెంబర్స్, ఆటో క్విక్ ఇన్ఫో రెండిటికీ టిక్కు పెట్టండి. ఆ పక్కనే రిక్వైర్ వేరియబుల్ డిక్లరేషన్ ఉంది, దానికీ పెట్టండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. కొన్నిచోట్లే రాకపోతే అది సెట్టింగ్ కాదు. యాక్టివ్‌షీట్ అంటే వర్క్‌షీట్ కావచ్చు, చార్ట్ షీట్ కావచ్చు. అందుకని ఎక్సెల్ దాన్ని ఉత్త ఆబ్జెక్ట్ అని మాత్రమే ఎడిటర్‌కి చెబుతుంది. ఏ జాతిదో తెలియని దానికి లిస్టు ఎక్కడి నుంచి తెస్తుంది? పేరు పెట్టి పిలిచిన షీటుదీ అదే కథ.

మందు రెండు లైన్లు. డిమ్ డబ్ల్యూఎస్ యాజ్ వర్క్‌షీట్. తర్వాత సెట్ డబ్ల్యూఎస్ ఈక్వల్స్ యాక్టివ్‌షీట్. ఇక డబ్ల్యూఎస్ తర్వాత చుక్క పెట్టండి, మొత్తం వస్తుంది. ఒక వస్తువు జాతి ఏమిటో మీకే అనుమానమైతే, మాక్రోని మధ్యలో ఆపి కంట్రోల్, జీ కొట్టి ఇమ్మీడియట్ కిటికీలో ప్రశ్నార్థకం పెట్టి, టైప్‌నేమ్ అని, బ్రాకెట్లో దాని పేరు రాసి ఎంటర్ నొక్కండి. అదే చెబుతుంది.

[తెర: లెఫ్ట్ అనే మాట నీలంగా వెలిగి, "కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ" అనే పెట్టె.]

మూడోది అసలు తలనొప్పి. ఎర్రర్ లెఫ్ట్ దగ్గరో, డేట్ దగ్గరో ఆగుతుంది. లెఫ్ట్‌లో తప్పేముంటుంది? ఏమీ ఉండదు. ముందు రీసెట్ నొక్కి మాక్రో ఆపండి, లేకపోతే రెఫరెన్సెస్ తెరుచుకోదు. తర్వాత టూల్స్, రెఫరెన్సెస్. లిస్టులో మిస్సింగ్ అని మొదలయ్యే లైనే దొంగ.

ఎందుకు వస్తుందంటే, ఆడిటర్ గారి కంప్యూటర్లో ఆఫీస్ 2016. మీ మాక్రో వర్డ్‌ని కూడా పిలిచేదైతే, అక్కడ ఫైలు తెరిచి సేవ్ చేస్తే దాని రెఫరెన్సు వర్డ్ లైబ్రరీ 16.0కి అతుక్కుంటుంది. మిల్లులో 2010, అంటే 14.0. కొత్తదాంట్లో తెరిస్తే పాత లైబ్రరీని ఎక్సెల్ తనంతట తనే పైకి మార్చేస్తుంది, కిందికి మార్చదు. అందుకే ఫైలు ఊరెళ్లి తిరిగొచ్చాక చెడిపోయినట్టు ఉంటుంది. 64 బిట్ ఆఫీస్‌లో పాత డేట్ పికర్ కంట్రోల్ వాడిన ఫారాలదీ ఈ బాధే, ఆ కంట్రోల్ 32 బిట్‌కి మాత్రమే ఉంది.

అవసరం లేని లైబ్రరీ అయితే టిక్కు తీసేసి డీబగ్, కంపైల్ నొక్కండి. అవసరమైతే లేట్ బైండింగ్‌కి మారండి: వేరియబుల్‌ని యాజ్ ఆబ్జెక్ట్ అని ప్రకటించి, క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో వర్డ్‌ని పిలవండి. ఏ వెర్షన్ ఉన్నా నడుస్తుంది. కానీ చుక్క లిస్టు పోతుంది, వర్డ్ స్థిరాంకాలు (అంకెలకి పెట్టిన పేర్లు) కూడా పోతాయి. బిల్లుని పీడీఎఫ్‌గా సేవ్ చేసే డబ్ల్యూడీఫార్మాట్‌పీడీఎఫ్ విలువ 17. రెఫరెన్సు లేనప్పుడు ఆ పేరు ఎడిటర్‌కి ఖాళీ వేరియబుల్, అంటే 0. వర్డ్‌లో 0 అంటే పాత డాక్ ఫార్మాట్. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని ఉంటుంది, లోపల పీడీఎఫ్ ఉండదు, అవతలి వాళ్ల దగ్గర తెరుచుకోదు. ఇందాక పెట్టమన్న రిక్వైర్ వేరియబుల్ డిక్లరేషన్ టిక్కు ఉంటే, కొత్త మాడ్యూళ్లలో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ వచ్చి ఈ తప్పుని కంపైల్ దగ్గరే పట్టుకుంటుంది. పాత మాడ్యూల్లో ఆ లైను మీరే పైన రాయాలి. కాబట్టి రాసేటప్పుడు రెఫరెన్సు పెట్టుకుని రాయండి, ఇచ్చేటప్పుడు లేట్ బైండింగ్‌కి మార్చి 17 అని అంకె వేసి ఇవ్వండి.

లిబ్రెఆఫీస్ వాడేవాళ్లకి ఒక్క మాట: అందులో హెల్ప్ వేరే ఇన్‌స్టాలర్, హెల్ప్ ప్యాక్ అంటారు. మీ వెర్షన్‌దే దించుకోవాలి, లేకపోతే ఎఫ్1 నెట్‌కే పోతుంది.

[తెర: ఎఫ్2. ఆబ్జెక్ట్ బ్రౌజర్. వెతికే పెట్టెలో "రిమూవ్‌డూప్లికేట్స్".]

నెట్ లేని రోజున కూడా ఉండేది ఇది. ఎఫ్2 కొట్టండి, రిమూవ్‌డూప్లికేట్స్ అని వెతకండి, ఫలితం మీద నొక్కి కింది గళ్లో చూడండి. కాలమ్స్, హెడర్ అని రెండూ చదరపు బ్రాకెట్లలో ఉన్నాయి, అంటే తప్పనిసరి కాదని గుర్తు. హెడర్ పక్కన ఎక్స్‌ఎల్‌నో అని ఉంది: మీరు చెప్పకపోతే మొదటి వరుసని శీర్షిక కింద చూడదు, రైతు పేరు అన్న మాటని కూడా ఒక రైతు కిందే లెక్కేస్తుంది. పక్కనున్న ఎక్స్‌ఎల్‌యెస్‌నోగెస్ అనే ఆకుపచ్చ లింకు నొక్కితే యెస్ 1, నో 2, గెస్ 0 అని విలువలొస్తాయి.

ఉదాహరణలు మాత్రం ఇందులో ఉండవు. వాటికి డెవలపర్ ట్యాబ్‌లో రికార్డ్ మాక్రో నొక్కి, డేటా ట్యాబ్‌లో రిమూవ్ డూప్లికేట్స్ చేతితో చేసి, రికార్డింగ్ ఆపి, పుట్టిన కోడు చదవండి. మై డేటా హ్యాజ్ హెడర్స్ టిక్కు పెట్టి చేస్తే, హెడర్ దగ్గర ఎక్స్‌ఎల్‌యెస్ అని ఎక్సెల్ తనే రాసి ఉంటుంది.