నవ్వించే సినిమాకి చివరి రోజేనా?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, నన్ను పిలిచిన ఫిల్మ్ సొసైటీ మిత్రులకూ, మీకూ కలిపి ఒకటే నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ.

2025 సెప్టెంబరులో హాలీవుడ్ నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ కన్నుమూశారు. ఆయన స్మృతిలో మీరు వరసగా సినిమాలు వేస్తున్నారు, మంచి పని. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను గానీ ముందు నా గోడు వినండి. గంభీరమైన సినిమాలన్నీ ముందు రోజుల్లో అయిపోయాయి, ఒక్కోదానికీ ఇద్దరేసి వక్తలు. చివరి సాయంత్రానికి ఈ ఒక్క కామెడీ. ఆహ్వానపత్రంలో దాని పక్కన ‘తేలికపాటి వినోదం’ అన్న ముక్క. ఎందుకండీ ఈ చిన్నచూపు? ఏ ఉత్సవానికి వెళ్లినా ఇదే వరస.

ఈ సినిమా ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’. 1967లో వచ్చింది. నీల్ సైమన్ రాసిన నాటకం దీనికి మూలం. 1963లో న్యూయార్క్ నాటకాల కేంద్రమైన బ్రాడ్‌వేలో మొదలైన ఆ నాటకం 1,530 ప్రదర్శనలు ఆడింది. దర్శకుడు మైక్ నికోల్స్. అందులోనూ భర్త వేషం రెడ్‌ఫోర్డ్‌దే. సినిమాకి జీన్ సాక్స్ దర్శకుడయ్యాడు, భార్యగా జేన్ ఫోండా వచ్చింది. తేలికగా కనబడే ఈ నవ్వుల వెనక రాత్రి తర్వాత రాత్రి ప్రేక్షకుల ముందు చేసిన సాధన ఉంది. ఏ మాటకి నవ్వుతారో, ఎంతసేపు ఆగాలో అక్కడే తేల్చుకున్నారు.

కథ చిన్నదే. న్యూయార్క్ ప్లాజా హోటల్లో హనీమూన్ ముగించుకుని కొత్త దంపతులు పాల్, కోరీ అదే ఊళ్లోని గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో అద్దెవాటాకి వస్తారు. లిఫ్టు లేదు. సామాను ఇంకా రాలేదు. పైకప్పు అద్దానికి కన్నం, అందులోంచి మంచు ఇంట్లోకి రాలుతుంది. గది వెచ్చబడదు. పాల్ కొత్త లాయరు, పొద్దున్నే కోర్టుకి వెళ్లాలి. కోరీకి లోకమంతా ఇప్పుడే, ఈ క్షణమే కావాలి.

ఆ మెట్ల గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కోరీ అయిదంతస్తులంటుంది. వీధిలోంచి గుమ్మానికెక్కే మెట్లు కూడా కలిపి ఆరంటాడు పాల్. టెలిఫోన్ బిగించడానికి వచ్చిన మనిషికి ఊపిరందదు, సామాను తెచ్చినవాడికి మాట పెగలదు. నాటకంలో ఆ అంతస్తులు కనబడవు, ఎక్కి వచ్చిన మనిషి ఆయాసమే కనబడుతుంది. అందుకే ఒక్కొక్కరి ఆయాసం ఒక్కో తీరుగా ఉండాలి. ఇద్దరు ఒకేలా రొప్పితే ఆ హాస్యం చచ్చిపోతుంది. టెలిఫోన్ మనిషిగా వేసిన హెర్బ్ ఎడెల్మన్ నాటకంలోనూ ఆ వేషమే వేశాడు. కోరీ తల్లిగా వేసిన మిల్‌డ్రెడ్ నాట్విక్ కూడా అంతే. ఈ రాత్రి నా కోసం ఆవిణ్ణి చూడండి. అవును, రెడ్‌ఫోర్డ్ సభలో నేను నాట్విక్ గురించే మాట్లాడతాను! ఆయాసపడుతూ కూడా కూతురి మనసు నొచ్చుకోకుండా ఇల్లు బాగుందనాలి, అదీ ఆవిడ పని. ఆ ఒక్క ప్రవేశంలో మర్యాద, భయం, ప్రేమ మూడూ ఉన్నాయి. ఉత్తమ సహాయనటిగా ఆస్కార్‌కి నామినేట్ అయింది. బహుమతి ‘బానీ అండ్ క్లైడ్’ సినిమాకి ఎస్టెల్ పార్సన్స్ తీసుకుంది. నామినేషన్ దాకా వెళ్లిన ఆవిణ్ణి మన ఆహ్వానపత్రాల్లో ఎవరూ తలవరు.

రెడ్‌ఫోర్డ్ దగ్గరికి వస్తాను. అందగాడు, నిజమే. కానీ ఈ సినిమాలో ఆయన అందాన్ని పక్కనపెట్టి బిగుసుకుపోయిన మనిషిగా కనిపిస్తాడు. గడ్డకట్టే చలిలో పార్కులో చెప్పుల్లేకుండా తనతో నడవలేదని కోరీ ఆయన మీద నేరం మోపుతుంది, విడాకులదాకా పోతుంది. నవ్వొస్తుంది. కానీ గమనించండి, ఇద్దరూ పోట్లాడేది పార్కు గురించి కాదు. నేను ఇలాగే ఉంటాను, నువ్వు ఓర్చుకోగలవా అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. హోటల్లో ఆ ప్రశ్న రాలేదు. చలిగదిలో వచ్చింది. దీన్ని తేలికపాటి వినోదం అందామా?

తర్వాత తల్లి కూతురికి సలహా ఇస్తుంది, అతని కోసం నిన్ను నువ్వు కొంచెం వదులుకో అని. ఆ మాట నాకు మింగుడుపడదు. ఎప్పుడూ ఆడపిల్లకేనా ఈ బోధ? అక్కడితో ఆగిపోయి ఉంటే నేనే ఈ సినిమాని చివరి రోజుకి తోసేవాణ్ణి. ఆగలేదు. అల్లుడు తాగి వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో చెప్పుల్లేకుండా తిరుగుతాడు, ఇంటి పైకప్పెక్కి వణుకుతాడు. ఇప్పుడు ఆ బిగుసుకుపోయిన పాతమనిషే కావాలని ఏడుస్తుంది కోరీ. ఇద్దరూ కదిలారు. తల్లి మాట ఒకవైపే చూసింది, కథ రెండువైపులా చూసింది.

కార్యవర్గం వారికి నా విన్నపం ఒకటే. వచ్చే ఏడాది ఎవరి ఉత్సవం చేసినా మొదటి రోజు కామెడీ వెయ్యండి, దానికీ ఇద్దరు వక్తల్ని పెట్టండి. ఇవాళ సినిమా అయ్యాక ఎవరూ లేచి వెళ్లొద్దు. ఆ తల్లి సలహా మీద చర్చ పెడదాం. కొత్తగా పెళ్లైనవాళ్లు ముందు వరసలో ఉన్నారు, మొదటి మైకు వాళ్లకే ఇవ్వండి.